కౌజును గుర్తెరుగుట – గ్రామము చేయవలసిన పని
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడిన చోట మంచినీటిని గూర్చియు, వీధి దీపములను గూర్చియు, బాటలను గూర్చియు, ఇంటిపన్నుల వసూలును గూర్చియు మాట్లాడుట వాడుక. నేడు మేము ఒక పక్షిని గూర్చి మాట్లాడబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. ఆ పక్షి కౌజు. తిరుపతి, చిత్తూరు జిల్లాల మెట్ట గ్రామములలో పుట్టి పెరిగిన పెద్దలలో దాని కూత విననివారు అరుదు. అయినను దానిని నిలిచి చూచినవారును, దాని పోలిక గల తక్కిన పక్షుల నుండి వేరుచేసి చెప్పగలవారును నానాటికి తగ్గుచున్నారు. కౌజును ఎట్లు గుర్తింపవలెనో, దాని ఉనికిని ఎట్లు కనుగొనవలెనో, కనుగొనిన దానిని గ్రామపు పుస్తకమున ఎట్లు వ్రాసి ఉంచవలెనో తెలుపుటయే మా ఉద్దేశము.

ఇది అటవీ శాఖవారి పని గదా, పంచాయతీకి ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. కౌజు దట్టమైన అడవిని కోరదు. మేత పోరంబోకు, వంక గట్టు, గుట్ట అడుగున ఉన్న ముళ్లపొద, వేరుసెనగ చేని చుట్టునున్న కంపచెట్లు, పాడుపడిన రాతికట్ట – ఇవియే దాని ఇండ్లు. ఇవి చాలవరకు మీ గ్రామపు ఎల్లలలోనే ఉన్నవి. వానిలో ఏ పొదను నరుకవలెను, ఏ గట్టును చదును చేయవలెను, ఏ బంజరును దేనికి వాడవలెను అను మాట ముందుగా వచ్చునది మీ సమావేశములకే. కావున ఈ పక్షి బ్రతుకు మీ తీర్మానములతో ముడిపడి ఉన్నది.

పేరు వలన కలిగిన చిక్కు

మొదట పేరును గూర్చి చెప్పవలసి యున్నది. నెల్లూరులో సర్జనుగా పనిచేసిన జెర్డన్ అను ఆంగ్లేయుడు 1862–64 సంవత్సరముల నడుమ భారతదేశపు పక్షులను గూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. అందు ఆయా ప్రాంతములవారు పలుకు పేర్లను గూడ వ్రాసి ఉంచెను. ఈ పక్షికి తెలుగువారి పేరు ‘కవుంజు’ అని అందు కనబడుచున్నది. కౌజు, కవుజు, కముజు అనునవి ఆ పేరునకే వేరు వేరు పలుకుబడులు. తమిళులు దీనిని కవుదారి అందురు. ఉర్దూ మాట్లాడువారు తీతర్ అందురు. 1789లో శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన లాటిను పేరులో పుదుచ్చేరి పట్టణపు పేరు ఇమిడి యున్నది. పడమట ఇరాన్ మొదలుకొని మన దేశమున విస్తారముగా వ్యాపించిన పక్షియే యైనను, లోకము దీనిని మనకు ఇరుగుపొరుగైన ఊరి పేరుతో ఎరుగును.

ఇంత పాత పేరునకు ఇటీవల ఒక చిక్కు వచ్చి పడినది. 1970ల దశకమున జపాను జాతి పిట్ట మన దేశమునకు వచ్చినది. దానిని కోళ్లవలె ఫారములలో పెంచి, మాంసమునకును గ్రుడ్లకును అమ్ముట వ్యాపించినది. మన తెలుగు బజారులో ఈ పెంపుడు పిట్టకును ‘కౌజు పిట్ట’ యనియే పేరు స్థిరపడినది. పెంపుడు పిట్ట నిజమునకు పూరేడు జాతికి చెందినది, కౌజు కాదు. ఒకే పేరు ఇద్దరికి చెల్లుటచే జరిగిన నష్టమును గమనింపుడు. ఉచ్చు వేసి పట్టిన అడవి కౌజును అమ్మువాడు ‘ఇది ఫారము కౌజే’ అని సులభముగా చెప్పగలడు. కొనువానికి తేడా తెలియదు. ప్రక్కన నిలుచున్న పంచాయతీ సభ్యునికి గూడ తెలియకున్నచో అడుగువాడే ఉండడు. కావున ఆ రెండింటి తేడాను తెలిసికొనుట మన మొదటి పాఠము.

కౌజు గుర్తులు

కౌజు పొడవు ముక్కు కొస నుండి తోక కొస వరకు సుమారు 33 సెంటీమీటర్లు, అనగా జానెడున్నర. బరువు ఇంచుమించు పావు కిలో. ఒడలు బొద్దుగా, తోక పొట్టిగా ఉండును. దూరమునకు మట్టిరంగు ముద్దవలె కనబడును. దగ్గరగా చూచినచో వీపంతయు గోధుమరంగు మీద సన్నని లేత అడ్డచారలు. రొమ్మును కడుపును లేత పసుపు తెలుపుల మీద ముదురు రంగు సన్నని అలల చారలు. కంఠము లేత పసుపువన్నెగా ఉండి, దాని చుట్టు నల్లని సన్నని గీత హారము వేసినట్లు ఉండును. ఈ హారమే అన్నిటికంటె నమ్మదగిన గుర్తు. కాళ్లు మందమైన ఎరుపు. పుంజునకు కాలి వెనుక ఒకటి గాని రెండు గాని ముండ్లు ఉండును. పెట్టకు సాధారణముగా ఉండవు. రంగులో పుంజును పెట్టయు ఒకటే పోలిక.

నడకను బట్టియు దీనిని గుర్తింపవచ్చును. మనుష్యుని అలికిడి విన్నంతనే ఇది ఎగురదు. తల నిక్కించి ఒక్క క్షణము చూచి, కాలి సత్తువతో పొద నుండి పొదకు పరుగెత్తును. తప్పనిసరియైనప్పుడు మాత్రమే రెక్కలు బుర్రుమనిపించుచు లేచి, కొంత దూరము నేలకు దగ్గరగా ఎగిరి మరల దిగును. అట్లు లేచినప్పుడు తోక ప్రక్కలనున్న ఇటుకరంగు ఈకలు తళుక్కున కనబడును. ఆ రంగును చూచితిమా, ఇక సందేహము లేదు.

కూత మరింత స్పష్టమైన గుర్తు. తెల్లవారుజామునను, సూర్యాస్తమయ సమయమునను పుంజు గొంతెత్తి ‘కతీతర్, కతీతర్’ అని వరుసగా కూయును. పెట్ట దానికి తోడుగా పలుకును. ఒక గుంపు కూసినంతనే ఆవలి గుట్ట మీది గుంపు బదులిచ్చును. ఉర్దూలోని తీతర్ అను పేరు ఈ కూతను ఎంత పోలియున్నదో ఒకసారి విన్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

దాని చుట్టములు

మన జిల్లాలలో కౌజును పోలిన పక్షులు మరికొన్ని గలవు. వానిని గూడ తెలిసికొననిచో లెక్క తప్పును.

ఒకటి కక్కెర. దీనిని కక్కెరకోడి అనియు అందురు. పరిమాణమున కౌజంతయే. కాని ముఖమును కంఠమును తుప్పు ఎరుపు, హారము లేదు. నల్లని ఒంటిమీద తెల్లని గుండ్రని చుక్కలు జల్లినట్లుండును. కాళ్లు నారింజవన్నెగా ఉండును, ముండ్లు ఉండవు. గడ్డి బాగుగా పెరిగిన చోట్లను ఇది కోరును. వానకాలమున రాతి మీదనో కొమ్మ మీదనో నిలిచి కూయును. ఆ కూతలో ‘చిక్ – చీక్ – చీక్ – కెరే’ అను ధ్వని వినబడును. వేసవిలో మౌనముగా ఉండుటచే లేదని భ్రమపడుట సులభము. కావున వానలు పడిన తరువాత మరల ఒకసారి వెదుకవలెను.

రెండవది జిట్టకోడి. ఇది గుట్టల పక్షి. రాళ్లు రప్పలు, ముళ్లపొదలు కలిసియున్న చరియలలో ఉండును. శేషాచలపు కొండల అడుగున ఉన్న గ్రామములవారికి ఇది కనబడవచ్చును. పుంజునకు కెంపుగోధుమ రంగు ఒంటిమీద తెల్లని చుక్కలు, నిగనిగలాడు నల్లని తలమీద తెల్లని చుక్కలు ఉండును. పెట్ట మాత్రము చుక్కలు లేని గోధుమరంగు. కౌజువలె పెద్ద గొంతుతో కూయదు. తోకను కోడివలె నిలిపి పరుగెత్తును. పుంజునకే గాక పెట్టకును కాలి ముండ్లుండుట దీని విశేషము.

మూడవది అడవి పూరేడు. ఇవి పిడికిలిలో ఇమిడిపోవు చిన్న పిట్టలు; పొడవు 17 సెంటీమీటర్ల మాత్రమే. గుంపుగా గడ్డిలో నక్కి, కాలు మోపబోవునంతవరకు కదలక, ఒక్కసారిగా నలుదిక్కులకు బుర్రున లేచును. గొడ్ల కాపరులు దీనిచే ఉలికిపడని రోజుండదు. కౌజు పిల్లలను చూచి పూరేడులనియు, పూరేడులను చూచి కౌజు పిల్లలనియు పొరబడుట కలదు. దగ్గరలో తల్లి కౌజు ఉన్నదేమో చూచిన పిమ్మటనే నిర్ణయింపవలెను.

పెంపుడు పిట్టకును కౌజుకును తేడా

ఇప్పుడు బజారులోని పెంపుడు పిట్టను ప్రక్కన పెట్టి పోల్చుదము. పెంపుడు పిట్ట కౌజు పొడవున ఇంచుమించు సగము మాత్రమే. మేత వలన బలిసి బరువెక్కవచ్చును. కావున బరువును నమ్మరాదు, పొడవును చూడవలెను. దానికి తోక ఉన్నదా లేదా యన్నట్లుండును. వీపున లేత పసుపు చారలు నిలువుగా సాగును. కౌజు చారలు అడ్డముగా నుండును. పెంపుడు పిట్ట కాళ్లు లేత రంగువి. కౌజు కాళ్లు ఎరుపు. పుంజు కౌజుకు కాలి ముల్లు ఉండును. పెంపుడు పిట్టకు పుంజైనను ఉండదు. ఈకలు పెరికి అమ్ముచున్న చోట గూడ కాళ్లను చూచి చాలవరకు తెలిసికొనవచ్చును.

గ్రుడ్లలోను తేడా గలదు. ఫారము పిట్ట గ్రుడ్డు 10 గ్రాముల ప్రాంతపు బరువుతో, నల్లని గోధుమరంగు మచ్చలతో నుండును. కౌజు గ్రుడ్డు దానికంటె పెద్దది. మచ్చలు లేక మీగడ రంగుతో ఉండును. అయితే మచ్చలున్నంతనే ఫారమునదని తీర్పు చెప్పరాదు. అడవి పూరేడులలో మచ్చల గ్రుడ్లు పెట్టునవియు గలవు. పొలములో దొరకినది ఏ గ్రుడ్డయినను ముట్టక విడుచుటయే క్షేమము.

ఎక్కడ, ఎప్పుడు, ఎట్లు వెదుకవలెను

కౌజును కంటితో వెదుకబోవువాడు వట్టిచేతులతో తిరిగి వచ్చును. చెవితో వెదుకువాడు కనుగొనును. దీనికి ఖర్చు లేదు, యంత్రము అక్కరలేదు. వలసినది తెల్లవారుజామున లేచుట, మౌనముగా నిలుచుట.

గ్రామమున ముగ్గురు మనుష్యులను ఏర్పరచుకొనుడు. సూర్యోదయమునకు అరగంట ముందుగా ఒకరు వంక దగ్గర, ఒకరు గుట్ట అడుగున, ఒకరు మేత పోరంబోకున నిలువవలెను. సూర్యుడు ఉదయించిన అరగంట వరకు ఎవరును కదలరాదు. కూత విన్నప్పుడెల్ల ఏ దిక్కున, ఎంత దూరమున వినబడినది, ఎన్ని గంటలకు వినబడినది అను దానిని గుర్తు పెట్టుకొనవలెను. పిమ్మట ముగ్గురును ఒకచోట కూడి లెక్కలను సరిపోల్చవలెను. ఒకే గుంపు కూత ఇద్దరికి వినబడి యుండవచ్చును. దిక్కులను పోల్చి దానిని ఒకటిగా లెక్కింపవలెను. పుంజును పెట్టయు కలిసి కూయును గనుక జంట కూతను రెండు గుంపులుగా వ్రాయరాదు. ఇట్లు మూడు దినములు చేసినచో గ్రామపు ఎల్లలో ఎన్ని చోట్ల కౌజు ఉన్నదో ఒక నమ్మదగిన అంచనా వచ్చును. వేసవి మొదలగు ముందొకసారియు, వానలు పడిన పిదప ఒకసారియు చేయుట మేలు.

కూత విన్న చోటికి పగటి వేళ మెల్లగా వెళ్లి జాడలను చూడవచ్చును. దుమ్ములో పొర్లాడిన చిన్న గుంతలు, మెత్తని మన్నులో మూడు వ్రేళ్లు చాచినట్లున్న అడుగులు, చెదలపుట్టల చుట్టు గీకిన గుర్తులు, రాలిన చారల ఈకలు అందు ముఖ్యమైనవి. ఈ పక్షి గింజలను, గడ్డి విత్తులను, పురుగులను, ముఖ్యముగా చెదలను ఏరి తినును. విత్తిన గింజలలో కొన్నిటిని ఏరుకొనదని మేము చెప్పము. అయినను చెదలును పెంకు పురుగులును దాని ఆహారమున ఒక భాగమను సంగతిని రైతు మరువరాదు.

చీకటిపడు వేళ ఈ పక్షులు నాలుగైదు కలిసి ముళ్లచెట్ల తక్కువ కొమ్మల మీద నిదురించును. గూడు మాత్రము నేలపైననే. పొద మొదట చిన్న పల్లము, అందు కొంత గడ్డి. ఒక్కొక్కప్పుడు రాతికట్ట సందులోను గ్రుడ్లు పెట్టును. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు గ్రుడ్లు పెట్టు కాలము. సాధారణముగా 6 నుండి 8 గ్రుడ్లుండును. 18, 19 దినములు పొదుగును. ఈ నెలలలో గూళ్లను వెదుకబోరాదు. మనుష్యుడు నడచిన దారినే కుక్కయు ముంగిసయు వచ్చి గ్రుడ్లను తినివేయును. కూతను లెక్కించుట చాలును. గూటిని చూపుట అక్కరలేదు.

ఇంకొక హెచ్చరిక. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనములోను, 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యములోను అటవీ శాఖవారి అనుమతి లేక ఎవ్వరును వెదుకబోరాదు. కౌండిన్యమున ఏనుగులు తిరుగును. అటువంటి చోట తెల్లవారుజామున పొదల నడుమ నిలుచుట ప్రాణాపాయము. మన పని గ్రామపు భూములలోనిది మాత్రమే.

ఎవరిని అడుగవలెను

ఈ పక్షిని గూర్చి ఎక్కువగా ఎరిగినవారు కచ్చేరీలలో లేరు. గొర్రెల కాపరులు, కట్టెలకు పోవు స్త్రీలు, పొలము కాపలా కాయు వృద్ధులు, ఒకప్పుడు వేటనే నమ్ముకొని బ్రతికిన కుటుంబములవారు – వీరికి తెలిసినంత మరెవ్వరికిని తెలియదు. మన రాష్ట్రపు పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవే గదా! స్త్రీ సభ్యులు పూనుకొన్నచో ఒక్క దినమున తెలియు సంగతులు పురుషులకు నెల దినములకును తెలియవు.

వేటకు అలవాటుపడినవారిని దొంగలుగా చూచి భయపెట్టినచో వారు నోరు విప్పరు. ఆ తెలివి వారితోనే పోవును. వారిని పిలిచి కూర్చుండబెట్టి, లెక్కలు తీయు పనిలో మీకు గురువులుగా నిలుపుడు. ఆ పనికి తగిన కూలి నిచ్చుటకు దారి చూచినచో మరియు మంచిది. దీని విలువకు మన ప్రక్క జిల్లాలోనే ఒక నిదర్శనము గలదు. కలివికోడి యను పక్షి 1900 సంవత్సరము తరువాత ఎవ్వరికిని కనబడక, ఇక లేదని పండితులచే విడువబడినది. కాని కడప జిల్లాలోని పొదల అడవుల చెంతనున్న పల్లెలవారికి దాని పేరు తెలియును. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు ఒక స్థానిక వేటగాని సాయముననే దానిని మరల కనుగొనిరి. ఎనుబదియారు సంవత్సరములు పుస్తకములు లేదన్న పక్షిని పల్లెవాని ఎరుక ఉన్నదని చూపినది. దాని కొరకు 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము వెలసినది. కౌజు నేడు అట్టి దుర్దశలో లేదు; దేశమున అనేక చోట్ల ఉన్నది. ఒక పక్షి దేశమున ఉండియు మన ఊరిలో లేకుండ పోవచ్చును. మన ఊరి కౌజును కాపాడుట మన వంతు.

చట్టము చెప్పునది

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము కౌజు, కక్కెర, జిట్టకోడి, అడవి పూరేడు – వీనిని వేటాడరాదు. వేట యనగా తుపాకితో కాల్చుట మాత్రమే కాదు. ఉచ్చు పెట్టుట, వల పన్నుట, దీమపు పిట్టను పంజరమున కట్టి తక్కినవానిని ఆకర్షించుట, గ్రుడ్లను తీయుట, గూటిని చెరచుట – ఇవియన్నియు వేటయే. పట్టిన పక్షిని పెంచుకొనుటయు, కొనుటయు, అమ్ముటయు నేరములే. 2022లో ఈ చట్టము సవరింపబడినప్పుడు సాధారణ నేరములకు జరిమానా 1 లక్ష రూపాయల వరకు పెరిగినది. మూడు సంవత్సరముల వరకు కారాగార శిక్ష కలుగవచ్చును. అభయారణ్యములలోను జాతీయ వనములలోను వేటాడినవారికి శిక్ష ఇంకను కఠినము.

ఈ సంగతిని తండోరా వేయించి, పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయించి, సంతలో ప్రకటించి తెలుపుట మీ బాధ్యత. ఉచ్చు కనబడినచో దానిని మీరే పెరికి పారవేయక, చోటును గుర్తుంచుకొని అటవీ బీటు అధికారికి తెలుపుడు. పట్టినవానిని కొట్టుట, అవమానించుట ఎన్నటికిని తగదు. అది మరియొక నేరమగును.

పొద ఉన్నచోటనే కౌజు

ఉచ్చుకంటె పెద్ద కీడు మరియొకటి గలదు. అది పొదల నాశనము. వెనుకటి రోజులలో చేనికి చేనికి నడుమ వెడల్పైన గట్టు, దానిపై రేగు, కలివి, బలుసు, తంగేడు పొదలు ఉండెడివి. జేసీబీ యంత్రము వచ్చిన తరువాత ఒక్క పూటలో గట్టు చదునగుచున్నది. పోరంబోకులోని పొదలను ‘పిచ్చికంప’ యని పేరు పెట్టి, శుభ్రము చేయు పనిగా నరికించుచున్నారు. ఎండకాలమున గుట్టల మీది బోదకు నిప్పు పెట్టు అలవాటు ఇంకను పోలేదు. ఆ నిప్పు ఏప్రిల్ నెలకు వచ్చినచో గ్రుడ్లు పెట్టు కాలమునకే తగులును. పురుగుమందు పట్టించిన విత్తనము మన్ను కప్పక పైన మిగిలినచో ఏరుకొని తిన్న పక్షులకు ముప్పు కలుగును.

పొదలనన్నిటిని ఉంచుమని మేము కోరుట లేదు. బడి చుట్టును, బాట ప్రక్కలను, ఇండ్ల నడుమను పాములకు తావగు కంపను తీసివేయవలసినదే. చెరువులను క్రమ్ముకొనిన సర్కారు తుమ్మను తొలగించుటయు మంచి పనియే. కాని తీర్మానము వ్రాయునప్పుడు ‘కంపచెట్లన్నిటిని తొలగింపవలెను’ అని ఒక్క మాటలో వ్రాయక, ఏ సర్వే నంబరులో, ఏ చెట్టును, ఏ నెలలో అని వివరముగా వ్రాయుడు. నాటు పొదలను వంకల వెంట ఒక పట్టీగా విడువుడు. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు నరుకు పని పెట్టుకొనకుడు. పట్టీగా విడిచిన పొద వంకగట్టును కోత నుండి కాపాడును, రేగుపండ్లు కలివిపండ్లు పిల్లలకు మిగులును, కౌజుకు ఇల్లు మిగులును. ఇందు పంచాయతీకి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

గ్రామపు పుస్తకమున వ్రాయుట

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఏర్పడవలెను. గ్రామమునందలి చెట్లు, మూలికలు, పశువుల జాతులు, పక్షులు, వానిని గూర్చిన ప్రజల ఎరుక – వీనిని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరున వ్రాసి ఉంచుట దాని పని. అనేక గ్రామములలో ఈ రిజిస్టరు బీరువాలో నిదురించుచున్నది. దానిని బయటికి తీయుడు. మీ ముగ్గురు తెల్లవారుజామున విన్న కూతల లెక్కను అందు తేదీతో వ్రాయుడు. కౌజు, కక్కెర, జిట్టకోడి, పూరేడు అని వేరు వేరు వరుసలు గీయుడు. మీ ఊరిలో దానిని ఏ పేరుతో పిలుతురో ఆ పేరును గూడ వ్రాయుడు. పండితుల పేరుకంటె అదియే మీ మనుమలకు ఉపయోగపడును. చూడని దానిని చూచినట్లు వ్రాయకుడు. సందేహమున్నచో ‘సందేహము’ అని వ్రాయుడు. ఏ సంవత్సరము వెదికియు వినబడలేదో, ఆ సంగతిని గూడ వ్రాయుడు. లేదన్న వ్రాత ఉన్నదన్న వ్రాతకంటె తక్కువది కాదు. గూళ్లున్న చోటులను మాత్రము గోడమీది పటములలో గుర్తింపరాదు. ఆ గుర్తు ఉచ్చు వేయువానికి దారి చూపును.

ఇట్లు వ్రాసి ఉంచుటచే కలుగు ప్రయోజనమేమనగా, రేపు ఒక బంజరును వేరొక పనికి కోరి ఎవరైన వచ్చినప్పుడు ‘ఇది పనికిరాని భూమి’ యను మాటకు మీ వద్ద వ్రాతపూర్వకమైన బదులు ఉండును. అందు ఫలానా సంవత్సరమున ఇన్ని గుంపుల కౌజులు కూసినవి, ఇన్ని పశువులు మేసినవి, ఇంత కట్టె దొరకినది అని చూపగలరు. వ్రాత లేని చోట వాదము నిలువదు.

నేలపట్టు గూడబాతుల కొరకు 1976లోనే అభయారణ్యము ఏర్పడినది. నాడు నెల్లూరు జిల్లాలోనున్న ఆ గ్రామము 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. పులికాటు సరస్సునకు వచ్చు ఫ్లెమింగో పక్షుల పేరిట పండుగ జరుగుచున్నది. అవి దూరమునుండి వచ్చు తెల్లని, గులాబీవన్నె అతిథులు; చూడ ముచ్చటగా ఉండును. కౌజు మట్టిరంగు పక్షి. అది ఎక్కడికిని వలసపోదు. మన వానలేమిని, మన ఎండలను మనతోపాటు భరించి, పుట్టిన పొదలోనే బ్రతికి చచ్చును. దానికి పండుగ అక్కరలేదు. ఒక పొద, ఒక గట్టు, దానిని పేరుపెట్టి పిలువగల మనుష్యుడు ఉన్నచో చాలును.

కావున ప్రతి పంచాయతీయు రాబోవు సమావేశమున మూడు తీర్మానములు చేయవలెనని మా మనవి. మొదటిది, మూడు ఉదయముల కూతల లెక్క తీయించుట. రెండవది, దానిని రిజిస్టరున వ్రాయించుట. మూడవది, వంకల వెంట నాటు పొదల పట్టీని విడిచి, గ్రుడ్ల కాలమున నరుకుటయు నిప్పు పెట్టుటయు మాన్పించుట. ఈ మూడును మీ చేతిలోని పనులు. పై అధికారుల ఉత్తర్వు కొరకు వేచియుండనక్కరలేదు. మీ గ్రామమున కౌజు కూయుచున్నదా లేదా అను ప్రశ్నకు వచ్చు సంవత్సరము ఈ దినమునకు ప్రతి సభ్యుడును పుస్తకము తెరచి బదులు చెప్పగలుగునుగాక!